పెడన బల్ల మీద జారిన అతుకు

గుడివాడ, బందరు, మోపిదేవి చూసొద్దామని ఎవరూ సెలవు పెట్టుకుని బయల్దేరరు. పెళ్ళికో, కర్మకాండకో, మొక్కుకో, కోర్టు వాయిదాకో వెళ్తారు. నేను రక్తం కోసం వెళ్ళాను. ఒక మనిషి చేతి నుంచి ఐదు మిల్లీలీటర్ల రక్తం తీసుకుని, ఐసు పెట్టెలో పెట్టుకుని, హైదరాబాదు పరీక్షశాలకు పంపాలని. నాలుగు రోజులు తిరిగి ఖాళీ పెట్టెతో విశాఖపట్నం వచ్చాను. ఇది చదివి ఎవరైనా అటు వెళ్తే మంచిదే, తిండి బాగుంటుంది, మనుషులు ఇంకా బాగుంటారు. నాకు మాత్రం మళ్ళీ ఆ బస్సెక్కే ధైర్యం లేదు.

నేను ఒక వైద్య కళాశాలలో ఫిజియాలజీ పాఠాలు చెప్తాను. నా పేరు నాగమణి. మా అమ్మ పుట్టిల్లు పెడన. అక్కడ మా మేనమామ కొడుకు వీరనాగులు బావ కలంకారీ అద్దకం పని చేస్తాడు, అంటే చెక్క అచ్చులతో గుడ్డ మీద బొమ్మలు వేస్తాడు. చేసేవాడు అనాలి. ఐదేళ్ళుగా నడకలో ఊగుతున్నాడు, మాట ముద్దగా వస్తోంది, చెయ్యి గురి తప్పుతోంది. ఆరేళ్ళ క్రితం భార్య పోయింది, అప్పట్నించి తాగుడు మరిగాడని ఊరంతా తేల్చేసింది. మా అమ్మమ్మ ఊగేది. మా మావయ్య ఊగేవాడు. ఆ ఇంట్లో యాభై దాటాక ఎవరో ఒకరు ఊగుతారు. నాగదోషమని, మా తరం దాకా పుట్టిన ప్రతి బిడ్డకీ పేరులో నాగమ్మనో నాగన్ననో చేరుస్తూ వచ్చారు. నా పేరూ అలా వచ్చిందే.

కార్తీక మాసంలో ఒక రోజు బావ కూతురు శిరీష ఫోన్ చేసింది. "పిన్నీ, నాన్న తాగడం నేను కళ్ళారా ఎప్పుడూ చూళ్ళేదు. వాసన కూడా రాదు. నువ్వు డాక్టర్లకే పాఠాలు చెప్తావుగా, ఒక్కసారి వచ్చి చూడవా," అంది. ఇరవై ఆరేళ్ళుగా నేను నల్లబల్ల మీద గీస్తున్న బొమ్మ ఒక్కసారి కళ్ళ ముందు కదిలింది. బావది తాగుడేనని ఇన్నాళ్ళూ ఎలా నమ్మానో అని నన్ను నేనే తిట్టుకుని టికెట్ తీసుకున్నాను. పేర్లన్నీ మార్చి రాస్తున్నాను, దయచేసి ఎవరని ఆరా తియ్యకండి.

గుడివాడ

పొద్దున్నే దిగాను. రైల్లో ఎదురు సీటాయన సగం దారి దాటకముందే నా ఊరు, ఉద్యోగం, జీతం, పెళ్ళి ఎందుకు చేసుకోలేదో అన్నీ కనుక్కున్నాడు. విశాఖలో పక్కింటివాళ్ళు పదేళ్ళకు కూడా అడగని సంగతులు. కృష్ణా జిల్లాలో "అండీ" తగిలిస్తే ఏదైనా అడగొచ్చు. "మీకు ఇష్టమైతేనే చెప్పండి" అంటూనే, నేను చెప్పేదాకా వదల్లేదు. స్టేషను బయట ఇడ్లీ నలభై రూపాయలు, మీద కారప్పొడి, దాని మీద గరిటెడు నెయ్యి. విశాఖలో మేం అల్లం చట్నీకి అలవాటుపడ్డాం. నాలిక మండింది గానీ రెండో ప్లేటు చెప్పాను. ఆకలి మనిషి బాధను పట్టించుకోదు.

నేను గుడివాడలో ఆగింది కిశోర్‌ని చీవాట్లు పెట్టడానికి. నా దగ్గర చదువుకున్నాడు, ఇప్పుడు అక్కడ నరాల డాక్టరు. బావను అతని దగ్గరికే తీసుకెళ్ళిందట శిరీష. చీటీ మీద "మద్యం వెంటనే మానాలి" అని రాసి, రెండు విటమిన్ బిళ్ళలిచ్చి పంపాడు. ఆ చీటీ ఫోటో నా ఫోన్లో ఉంది. దారంతా దాన్ని చూస్తూ మాటలు కూడబెట్టుకున్నాను.

అతను లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. "రండి మేడమ్. మీ లాకుల పాఠం నాకు ఇప్పటికీ గుర్తుందండీ."

లాకుల పాఠమంటే ఇది. మెదడులో ఒక కణం ఇంకో కణంతో మాట్లాడాలంటే కబురు కరెంటులా చివరిదాకా పరిగెత్తుతుంది. అక్కడ సన్నని ఎడం ఉంటుంది, ఆ ఎడాన్ని కరెంటు దాటలేదు. చివరన గోడలో చిన్న చిన్న ద్వారాలుంటాయి, వాటిని కాల్షియం చానెళ్ళంటారు. కబురు తగలగానే అవి తెరుచుకుంటాయి. కాల్షియం లోపలికి దూకుతుంది. దూకగానే అక్కడ కాచుకున్న రసాయనపు బుడగలు పగిలి అవతలి ఒడ్డుకు చేరతాయి. అవతలి కణం వింటుంది. ఇదంతా రెప్పపాటులో వందోవంతు కూడా పట్టదు. నేను డెల్టా దాన్ని కాబట్టి కాలవ లాకు బొమ్మ గీసి చెప్పేదాన్ని. తలుపెత్తితే నీళ్ళు, నీళ్ళొస్తే పడవ కదులుతుంది. సముద్రం తప్ప కాలవ చూడని విశాఖ పిల్లలు, "లాకంటే ఏంటి మేడమ్" అనేవాళ్ళు. గుడివాడ పిల్లాడు కిశోర్ ఒక్కడే నవ్వేవాడు.

ఆ ద్వారాల్లో ఒక రకం చిన్నమెదడులో ఎక్కువ. నడకను, చేతి గురిని, మాట తీరును సరిచేసేది అదే. వంశంలో ఆ ద్వారం తయారీలో తేడా వస్తే మనిషి ఊగుతాడు. తాగినవాడికీ అతనికీ చూపులకు తేడా ఉండదు.

"ఇంత గుర్తున్నవాడివి, ఆయన్ని చూసి తాగుడని ఎలా రాశావు కిశోర్? వాళ్ళ నాన్న సంగతి అడగలేదా?"

"అడిగానండీ. మా నాన్న నిక్షేపంగా నడిచేవాడన్నారు. మీరు తాగుతారా అంటే రోజూ అన్నారు. పొద్దున్నే మొదలెడతానన్నారు. బ్రాండు కూడా చెప్పారు మేడమ్. ఆ బ్రాండు రావడం మానేసి చాలా ఏళ్ళైందండీ. పాత సరుకు ఎక్కడన్నా దొరుకుతోందేమో అనుకున్నాను."

నేను కూడబెట్టుకున్న తిట్లన్నీ నోట్లోనే ఉండిపోయాయి. మా బావ తండ్రి నిక్షేపంగా నడవలేదు. మా చిన్నప్పుడు ఆయన్ని చెరోవైపు పట్టుకుని కాలవగట్టు దాటించింది బావా నేనూ. మరి బావ ఎందుకు అలా చెప్పాడు?

"మేడమ్, అదే జబ్బైతే," కిశోర్ మెల్లగా అన్నాడు, "విడతలు విడతలుగా వచ్చిపోయే రకమైతే మాత్ర పనిచేస్తుంది కదండీ. ఎప్పుడూ ఉండే రకమైతే..."

"నాకు తెలుసు," అన్నాను. ఎప్పుడూ ఉండే రకానికి ఏమీ లేదు. ఆ ద్వారం ఎలా తెరుచుకుంటుందో ప్రపంచమంతా కలిసి కనిపెట్టింది, పాడైన ద్వారాన్ని బాగుచెయ్యడం మాత్రం ఇంకా ఎవరికీ రాలేదు. మాత్ర ఉన్న రకమే కావాలని, దేవుణ్ణి పెద్దగా నమ్మని నేను బస్టాండు దాకా మొక్కుకుంటూ నడిచాను.

బందరు, మంగినపూడి

మచిలీపట్నాన్ని అక్కడ ఎవరూ ఆ పేరుతో పిలవరు. బందరు బస్సు ఎక్కితే కండక్టరు నా ఐసు పెట్టె వంక అనుమానంగా చూశాడు. అడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి. "ఏంటమ్మా, రొయ్యలా? పైన పెట్టకండి, కింద పెట్టుకోండి," అన్నాడు. కాదండీ, రక్తం కోసం ఖాళీ గొట్టం అని చెప్పలేక రొయ్యలేనన్నాను. బందరు చేరేదాకా పక్కావిడ కిలో ఎంతకు కొనాలో, ఎవరు మోసం చేస్తారో చెప్తూనే ఉంది.

పెడన ఇల్లు ఒకే గది కాబట్టి బందరులో లాడ్జి తీసుకున్నాను. బందరు లడ్డూ అరకిలో కొన్నాను. చేత్తో పట్టుకుంటే జారేంత నెయ్యి, పిండిని దంచీ దంచీ ఇసకలా కాకుండా వెన్నలా చేస్తారు. బావకు చిన్నప్పుడు ప్రాణం.

మర్నాడు పొద్దున్న, పెడనలో బావావాళ్ళు పనిచేసే అద్దకం షెడ్డు తెరిచేలోపు ఆటోలో మంగినపూడి వెళ్ళొచ్చాను. విశాఖ సముద్రం నీలంగా గొప్పలు పోతుంది. ఇక్కడిది మట్టిరంగు, ఒండ్రు కలిసిన నీళ్ళు, మోకాలి లోతులో చాలా దూరం నడవొచ్చు. అప్పుడే పడవ దిగిన ఒక పెద్దాయన ఒడ్డు మీద రెండడుగులు తూలాడు. వల దులుపుతున్న ఆడవాళ్ళు నవ్వారు. "సముద్రం ఇంకా దిగలేదండీ ఆయనకి," అంది ఒకావిడ నాతో. అందరూ పక్కకి జరిగి దారిచ్చారు. ఒక్కరూ ఇంకో మాట అనలేదు. నాకు ఏడుపొచ్చింది. ఎండ కళ్ళలో పడిందని ఆమెతో చెప్పాను.

పెడన

అద్దకం షెడ్డు వాసన దూరం నుంచే తెలుస్తుంది. గుడ్డను ముందు కరక్కాయ కషాయంలో, గేదె పాలలో నానబెడతారు, కాబట్టి పుల్లటి పాల వాసన. పక్కన కుండల్లో బెల్లమూ తుప్పు ఇనుమూ పులుస్తుంటాయి, నల్లరంగు దాన్నుంచే. లోపల గోనెపట్టా పరిచిన పొడుగాటి బల్లలు. మొదటి బల్ల గీత అచ్చుది. కొమ్మా ఆకూ పువ్వూ అన్నిటికీ నల్లగీత ముందు పడాలి, ఎరుపూ మిగిలిన రంగులూ తర్వాత ఆ గీతలోపలే కూర్చుంటాయి. ఒక అచ్చు పక్కన ఇంకో అచ్చు పెట్టి పిడికిలితో గుద్దుతారు. రెండూ కలిసిన చోటుని అతుకంటారు. మంచి పనివాడి అతుకు కంటికి కనపడదు. మా బావ అతుకుని భూతద్దం పెట్టినా పట్టుకోలేమని మా మావయ్య గొప్పగా చెప్పేవాడు.

ఇప్పుడు ఆ బల్ల దగ్గర శిరీష ఉంది. ఇరవై నాలుగేళ్ళు. ఆ షెడ్డులో గీత బల్ల దగ్గర నిలబడిన మొదటి ఆడపిల్ల. తలెత్తకుండానే "వచ్చావా పిన్నీ" అని, ఆ వరస పూర్తయ్యాకే నా దగ్గరికొచ్చింది. మధ్యలో ఆగితే రంగు ఆరి అతుకు తెలుస్తుందట. నాకు ఆ పిల్ల మీద గౌరవం కలిగింది. మా పిల్లలు క్లాసు మధ్యలో నాలుగుసార్లు ఫోన్ చూస్తారు.

బావ వెనక, కడుగుడు తొట్టె దగ్గర స్టూలు మీద కూర్చుని గుడ్డలు జాడిస్తున్నాడు. నన్ను చూసి లేవబోయి గోడ పట్టుకున్నాడు. కళ్ళు ఒక పక్కకి తిప్పినప్పుడు చిన్నగా అదిరాయి. వేలితో ముక్కు ముట్టుకో బావా అంటే నవ్వుతూ ముట్టుకోబోయి చెంప ముట్టుకున్నాడు. పరీక్ష అక్కర్లేదు, నాకు అప్పుడే తెలిసిపోయింది. ఇది ఎప్పుడైనా తగ్గుతుందా, ఒక పూటన్నా బాగుంటుందా అని అడిగాను. "లేదు మణీ. పట్టుకుంది వదల్లేదు," అన్నాడు. గుడివాడ బస్టాండు దాకా నేను మొక్కిన మొక్కు అక్కడితో అయిపోయింది.

షెడ్డు యజమాని రంగారావుగారు మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. శిరీష పని మెచ్చుకున్నాడు. "ఇప్పటికి తాత్కాలికంగా నించోబెట్టానమ్మా. కార్తీకం వెళ్ళేలోపు బల్ల ఎవరిదో ఖాయం చెయ్యాలి. గీత బల్ల చెడితే వెనక ఐదు రంగుల పనీ నేలపాలు. మా నాన్నగారి రోజుల్లో ఒకసారి అలా మునిగాం," అన్నాడు. ముంచింది ఎవరో ఆయన చెప్పలేదు. మా మావయ్యే. బల్ల దక్కకపోతే శిరీషకు మిగిలేది రంగు నింపే పని, లేదా కాలవలో గుడ్డలు ఉతికే పని.

మధ్యాహ్నం గోంగూర, ఎండురొయ్యలు వేసిన వంకాయ కూర పెట్టింది శిరీష. ముగ్గురం ఒకే చోట కూర్చున్నాం. ముద్ద నోటికి చేరేలోపు బావ చేతిలోంచి సగం కంచంలోకే జారుతోంది. ఆ పిల్ల చూడనట్టే చూస్తూ కూర ఆయనకు దగ్గరగా జరిపింది. తర్వాత అంట్లు తోముతూ, ఆయన వినకుండా నాతో అంది: "చుట్టుపక్కలోళ్ళు నన్ను చూసి జాలిపడతారు పిన్నీ. నాకు జాలి వద్దు. ఆయన తాగుతున్నాడా లేదా? తాగకపోతే నేనింక ఎవరి మాటా లెక్కచెయ్యను. నెత్తిన పెట్టుకుని చూసుకుంటాను. నువ్వే చెప్పాలి."

"ఎల్లుండి చెప్తాను," అన్నాను. రక్తం తీసుకున్నాక చెప్దామని నా ఉద్దేశం. బావతో సూది సంగతెత్తితే, రేపు మోపిదేవి వెళ్ళి వద్దాం, అక్కడ మాట్లాడుకుందామన్నాడు.

మోపిదేవి

చల్లపల్లి మీదుగా దివిసీమ బస్సు. రోడ్డు పక్క కాలవ, కాలవ పక్క వరి, కంకులు బరువుకు వాలి ఉన్నాయి. బావ కిటికీ దగ్గర కూర్చుని లడ్డూ తిన్నాడు, సగం చొక్కా మీద పడింది. నేను దులుపుతుంటే నవ్వాడు.

సుబ్రహ్మణ్యస్వామి గుళ్ళో కార్తీకం రద్దీ. చెవులు కుట్టించుకుని ఏడ్చే పిల్లలు, సంతానం కోసం ప్రదక్షిణలు చేసే జంటలు, పుట్టలో పొయ్యడానికి పాలు. చిన్న పాల చెంబు ముప్ఫై రూపాయలన్నారు. మా విశాఖలో నాగులచవితి ఒక్కరోజే పుట్ట దగ్గరికి వెళ్తాం, ఇక్కడ రోజూ చవితే. మా అమ్మమ్మ ఊగుతూ చేసిన ప్రదక్షిణల సంగతి మా అమ్మ చెప్పేది. ఎన్ని చేసిందో ఎవరూ లెక్కపెట్టలేదు.

బావ ప్రదక్షిణ చేస్తానన్నాడు. చెయ్యి పట్టుకోనివ్వలేదు. రెండో చుట్టులో మలుపు తిరగలేక, పసిబిడ్డను ఎత్తుకున్న ఒకావిడ మీదికి తూలాడు. బావ చేతి చెంబులో పాలు ఆవిడ పట్టుచీర మీద పడ్డాయి. ఆవిడ భర్త బావ చొక్కా పట్టుకున్నాడు. "తాగి గుడికొస్తావా? సిగ్గులేదా?" అన్నాడు. చుట్టూ జనం చేరారు. వరసలు సర్దే కార్యకర్త ఒకాయన బావని రెక్క పట్టి బయటికి నడిపించాడు.

నేను ముందుకెళ్ళాను. తాగలేదండీ, ఇది జబ్బు, నేను వైద్య కళాశాలలో పనిచేస్తాను, వాసన చూడండి అని చెప్పబోయాను. సగం మాటకే బావ నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. అతనికి అంత బలం ఇంకా ఉందని నాకు తెలీదు. ఆ భర్త వైపు తిరిగి చేతులు జోడించాడు. "తప్పైందండీ. తాగాను. క్షమించండి," అన్నాడు.

జన్మలో ఒక్క చుక్క ముట్టని మనిషి. సుబ్రహ్మణ్యస్వామి ఎదుట నిలబడి, అందరూ వినేలా చెప్పాడు. నాకు ఒళ్ళంతా మండిపోయింది. బయట చెప్పుల స్టాండు దగ్గర అరుగు మీద కూర్చోబెట్టి, నోటికొచ్చినట్టు తిట్టాను.

"అరవకు మణీ," అన్నాడు. ముద్దగా, మెల్లగా, ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పాడు. "తాగుబోతంటే నేనొక్కణ్ణే చెడ్డోణ్ణి. రోగమంటే వంశం చెడ్డది. రంగారావుగారు తాగుబోతు కూతురికి బల్ల ఇస్తారు, జాలిపడైనా ఇస్తారు. మా నాన్నకొచ్చి, నాకొచ్చి, రేపు దానికొస్తదని తెలిస్తే ఇస్తారా? నేనైతే ఇవ్వను."

"దానికి రాకపోవచ్చు బావా. సగానికి సగం. వచ్చినా యాభై దాటాకే."

"ఆ సగం లెక్క బల్ల దగ్గర ఎవరింటారు?"

"అందుకే పరీక్ష. తెలిస్తే మంచిది కదా."

"తెలిస్తే నయమవుద్దా?"

ఆ ఒక్క ప్రశ్నకే జవాబు కావాలని ఇరవై ఆరేళ్ళుగా చదువుతున్నాను.

"మీ అమ్మకి రాలేదుగా," అన్నాడు.

"అమ్మ నలభై ఎనిమిదికే గుండె ఆగి పోయింది. వచ్చేదో రాదో ఎవరికి తెలుసు."

"అయితే నీకూ తెలీదు. నీ రక్తం చూయించుకున్నావా?"

లేదు. గొట్టాలన్నీ నా చేతి కిందే ఉంటాయి. పంపాల్సిన చిరునామా కంఠతా వచ్చు. నాకిప్పుడు యాభై రెండు. రోజూ పొద్దున్న పళ్ళు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడి చూసుకుంటాను, అంతే. పరీక్ష చేయించుకోలేదు. ఇది ఎవరితోనూ చెప్పలేదు, బావకు చెప్పాను.

"మరి నా చెయ్యి ఎందుకు చాపమంటున్నావు," అన్నాడు. కోపంగా అనలేదు. నేను సంచిలోని పెట్టె తెరవలేదు. తిరుగు బస్సెక్కాం. పెడనలో దిగేముందు, "శిరీషక్కూడా చెప్పకు మణీ. అది దాచుకోలేదు. రంగారావుగారు గద్దిస్తే చెప్పేసిద్ది," అన్నాడు. తిడుతుందేమోగా అంటే, తిట్టనీ, బల్ల దగ్గర నిలబడి తిట్టనీ అన్నాడు.

మళ్ళీ పెడన

నాలుగోరోజు మధ్యాహ్నం రైలు. చెప్పకుండా జారుకుందామనుకున్నాను. నా పిరికితనం నాకు తెలిసిందే. కానీ ముందురోజు బావను దిగబెట్టినప్పుడు సంచి షెడ్డులో ఉండిపోయింది, దానికోసం వెళ్ళక తప్పలేదు.

రంగారావుగారు నా కోసమే ఎదురుచూస్తున్నాడు. బీరువా తీసి ఒక పాత గుడ్డ బల్ల మీద పరిచాడు. బావ చివరిసారి గీత వేసిన దుప్పటి. "చూడండమ్మా. నాకు చదువు లేదు గానీ గుడ్డ తెలుసు. తాగినోడి అతుకు పొద్దున బానే ఉంటది, ఎండెక్కాక జారిద్ది. ఇది చూడండి, మొదటి వరసే గోరుమందం జారింది. పొద్దున్నే వేసిన వరస. చివరి వరసా అంతే జారింది, ఎక్కువా తక్కువా లేదు. తాగుడైతే ఇలా ఉండదు." మడత విప్పి ఇంకో ముక్క తీశాడు, రంగు వెలిసిన ముక్క. "ఇది వాళ్ళ నాన్న వేసింది. మా నాన్నగారు దాచారు. రెండూ పక్కన పెట్టి చూడండి."

చూశాను. రెండు గుడ్డలూ, ముప్ఫై ఏళ్ళ తేడా, ఒకే జారుడు. ఒకే వైపుకి, అంతే మందం. నా జీవితంలో అంత స్పష్టమైన రోగనిర్ధారణ ఏ ఆసుపత్రిలోనూ చూడలేదు. కిశోర్ చేయలేనిది ఈ మనిషి వేలి గోరుతో చేశాడు. విద్యార్థుల ముందైతే చప్పట్లు కొట్టించేదాన్ని.

"మీరు పెద్ద చదువు చదివారు," అన్నాడు. "అమ్మాయికి బల్ల ఇద్దామనే ఉంది నాకు. ఇది తాగుడేనా, ఇంటి రోగమా? మీ నోటి మాట చాలమ్మా నాకు, ఇంక ఎవర్నీ అడగను."

షెడ్డులో పిడికిళ్ళ చప్పుడు ఆగింది. తొట్టె దగ్గర బావ గుడ్డ జాడించడం ఆపాడు. పక్క బల్ల దగ్గర శిరీష అచ్చు గాల్లో పట్టుకుని నా వైపే చూస్తోంది. ఆ పిల్ల మొహంలో భయం లేదు. నేను చెప్పబోయేది ఆమెకు ముందే తెలిసినట్టు, నాన్న నిర్దోషని నేను అందరి ముందూ అనబోతున్నట్టు, ఆమె కళ్ళు అప్పుడే మెరుస్తున్నాయి. నేను బావ వైపు చూశాను. తల అడ్డంగా ఊపాడు. అది జబ్బు ఊపిన తల కాదు.

"తాగుడేనండీ," అన్నాను. "గుడివాడ డాక్టరుతో కూడా మాట్లాడాను. నిజమేనన్నాడు. ఇంటి రోగమేమీ లేదు, వాళ్ళ నాన్నకూ ఇదే అలవాటు."

చచ్చిపోయిన మావయ్యను కూడా తాగుబోతుని చేశాను. గొంతు వణకలేదు. పాఠం చెప్పి చెప్పి అలవాటైన గొంతు.

రంగారావుగారు రెండు గుడ్డలూ ఒకసారి మళ్ళీ చూశాడు. నమ్మాడో, నమ్మాలనుకున్నాడో నాకు తెలీదు. మడతపెట్టి బీరువాలో పెట్టేశాడు. "అంతేనంటే సరేనమ్మా. బల్ల అమ్మాయిదే. రేపట్నించి పూర్తి కూలి," అన్నాడు.

శిరీష అచ్చు దించింది. పిడికిలితో గుద్దింది. ఇంకోటి పెట్టి గుద్దింది. బల్ల దక్కినందుకు పక్కవాళ్ళు పలకరిస్తే తలూపింది. వరస పూర్తి చేసి, చేతులు తుడుచుకుని, నా సంచి తెచ్చి చేతికిచ్చింది. రిక్షా పిలవనా పిన్నీ అని మర్యాదగా అడిగింది. మొహం నేను మొన్న చూసినది కాదు.

"ఇన్నాళ్ళూ నువ్వొచ్చి తాగుడు కాదంటావని ఆయనకి నా పక్కనే అన్నం పెట్టాను," అంది. "ఇవాళ్టి నించి కంచం వసారాలో పెడతాను పిన్నీ."

మామూలు గొంతుతోనే అంది. తొట్టె దగ్గరికి వినపడింది. బావ గుడ్డ పిండుతూ, తల ఎత్తకుండా, "అలాగే పెట్టమ్మా," అన్నాడు.